బండి మీద పన్ను ఎవరి మీద పన్ను?

నగరపాలక సంస్థల ఖాళీ ఖజానా గురించి చర్చ జరిగిన ప్రతిసారీ ఒక ఆలోచన ముందుకు వస్తుంది. సాయంత్రమైతే రోడ్లన్నీ తిండి బండ్లతో నిండుతున్నాయి, వేల ప్లేట్లు అమ్ముడుపోతున్నాయి, ఆ వ్యాపారం మీద స్థానికంగా ఒక చిన్న పన్ను వేస్తే తప్పేమిటన్నది దాని సారాంశం. పేరు మాత్రం మారుతూ ఉంటుంది. తెలంగాణలో పాతవాళ్లు తైబజారు అంటారు, ఆంధ్ర జిల్లాల్లో ఆశీలు అంటారు, కొత్త తరం అధికారులు యూజర్ ఛార్జీ అంటారు. ఏ పేరుతో వచ్చినా తిండి మీద, తాగే చాయ్ మీద స్థానిక వసూలే అది. వినడానికి న్యాయంగానే తోస్తుంది. రోజుకు పది రూపాయలు ఎవరికి భారం అని అడుగుతారు. ఆ పది రూపాయల లెక్కతోనే మొదలుపెడతాను.

రోజుకు 10 రూపాయలంటే ఏడాదికి 3,650 రూపాయలు. మన రాజ్యాంగం 276వ అధికరణ ప్రకారం వృత్తి పన్ను ఒక మనిషి మీద ఏడాదికి 2,500 రూపాయలకు మించకూడదు. 1988లో 60వ సవరణ ద్వారా పెట్టిన పరిమితి అది. తెలంగాణలో నెలకు 20 వేల రూపాయలు దాటిన జీతగాడు నెలకు 200 చొప్పున ఏడాదికి 2,400 రూపాయలు వృత్తి పన్నుగా కడుతున్నాడు. గచ్చిబౌలిలో నెలకు మూడు లక్షలు తీసుకునే ఉద్యోగి కట్టేదీ అంతే. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద పల్లీలు వేయించి అమ్ముకునే మనిషి దగ్గర రోజుకు పది రూపాయలు తీసుకుంటే ఆ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కంటే ఎక్కువే తీసుకున్నట్టు. అదే 50 రూపాయలైతే ఏడాదికి 18,000 దాటుతుంది. చట్టం దృష్టిలో వృత్తి పన్ను వేరు, స్థలం వాడుకున్నందుకు రుసుము వేరు అని ఎవరైనా వాదించవచ్చు. పద్దులు వేరే కావచ్చు గానీ, డబ్బు వెళ్లేది ఒక్క చేతిలోంచే. జీతగాడికి రాజ్యాంగమే ఒక కప్పు వేసి కాపాడింది. బండివాడికి ఆ కప్పు లేదు.

బండివాడు ఎవరు అన్నది అసలు ప్రశ్న. ఈ చర్చలో దాన్ని ఎవరూ అడగరు. మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ కూడలి దాకా, 2018 సెప్టెంబరు 24న మొదలైన మెట్రో స్తంభాల వెంట ఒక సాయంత్రం నడిచి చూడండి. చైతన్యపురి, కొత్తపేట మలుపుల్లో కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాల్చే ఆడవాళ్లు కనిపిస్తారు. మిర్చి బజ్జీల మూకుళ్లు, మొక్కజొన్న కంకులు కాల్చే బొగ్గుల కుంపట్లు, పొద్దున ఇడ్లీ దోసెల బండ్లు, మధ్యాహ్నం బగారన్నం, బోటి, తలకాయ కూర వడ్డించే బండ్లు, ఎండాకాలం అంబలి కుండలు. ఎల్బీనగర్ దగ్గర విజయవాడ రోడ్డూ సాగర్ రోడ్డూ చీలిపోతాయి. నల్లగొండ, ఖమ్మం, సూర్యాపేట వైపు బస్సుల కోసం నిలబడ్డ జనానికి చాయ్, పండ్ల ముక్కలు అమ్మేవాళ్లు అక్కడే. పలకరిస్తే తమ ఊరి పేరు చెబుతారు. పాలమూరు, దేవరకొండ, అచ్చంపేట, మునుగోడు. నేను చూసినంతలో వీళ్లలో ఎక్కువమంది దళితులు, లంబాడీలు, వెనుకబడిన కులాలవాళ్లు, పేద ముస్లింలు. పానీపూరీ బండ్ల దగ్గర ఉత్తరప్రదేశ్, బీహార్ యువకులు ఉంటారు. చేపల గంపల ముందు గంగపుత్ర, ముదిరాజ్ స్త్రీలు కూర్చుంటారు.

వీళ్లు ఫుట్‌పాత్ మీదికి ఎందుకు వచ్చారు? భూమి లేక, ఉన్న భూమికి నీళ్లు లేక, కులవృత్తి చచ్చిపోయి వచ్చారు. నగరంలో షట్టరు అద్దెకు కావాలంటే అడ్వాన్సు కావాలి, హామీ ఇచ్చే మనిషి కావాలి, ఇంటి యజమాని అడిగే మొదటి ప్రశ్నకు నచ్చే జవాబు కావాలి. ఆ మొదటి ప్రశ్న ఏమిటో ఈ పేజీ పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఈ మూడూ లేనివాడికి మిగిలింది రోడ్డంచు. కాబట్టి రోడ్డంచు మీద వేసే పన్ను కులం పేరు ఎత్తకుండానే కులాన్ని వెతుక్కుంటూ వెళుతుంది.

వండిన తిండి విషయంలో ఇది మరింత నిజం. ఇతర సరుకుల్లో లేని ఒక గోడ వండిన అన్నానికి ఉంది. ఎవరు వండారు, ఎవరు ముట్టారు అన్న పట్టింపు తెలుగు పల్లెల్లో ఎంత లోతుగా ఉందో జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001లో ఇచ్చిన నివేదిక వల్ల అధికారికంగా రికార్డుకెక్కింది. హోటళ్లలో దళితులకు వేరు గ్లాసు పెట్టిన ఊళ్లు మనవే. మధ్యాహ్న భోజన పథకంలో దళిత స్త్రీలు వంటచేయడాన్ని అడ్డుకున్న తీరును సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ 2005లో ప్రచురించిన అధ్యయనం నమోదు చేసింది. వారు పరిశీలించిన అయిదు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఆ పట్టింపు నగరానికి వచ్చాక వేషం మార్చుకుంది. దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం రోడ్లలో బోర్డులు చదవండి. రెడ్డిగారి భోజనం, రాజుగారి పులావు, నాయుడుగారి బిర్యానీ, బ్రాహ్మణ పచ్చళ్లు. కులం పేరు అక్కడ నాణ్యతకు హామీ పత్రం. మాదిగ పేరుతో, ఎరుకల పేరుతో, చాకలి పేరుతో ఒక్క బోర్డు కూడా వెతికి చూపించలేరు. బోటి కూర మాత్రం అందరూ తింటారు. అది ఎవరి ఇంటి వంటో తెలిసీ తింటారు. బోర్డు కట్టుకోగలిగిన కులానికి పేరే పెట్టుబడి. బోర్డు కట్టుకోలేని కులం పేరు దాచుకుని బండి తోసుకుంటుంది. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి ‘ఆహార వ్యాపారం’ అని ఒకే మాటతో పన్ను వేయడాన్ని సమానత్వం అనలేను.

ఇప్పుడు చట్టం సంగతి. వండిన తిండి మీద పన్ను వేసే అధికారం మన దేశంలో ఎన్నో మలుపులు తిరిగింది. హోటల్లో కూర్చుని తిన్న భోజనం సరుకు అమ్మకం కాదని, దానిమీద అమ్మకపు పన్ను చెల్లదని 1978లో నార్తరన్ ఇండియా కేటరర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని అధిగమించడానికి 1982లో 46వ రాజ్యాంగ సవరణ తెచ్చి, తిండి, పానీయాల సరఫరాను అమ్మకంగానే భావించాలని 366వ అధికరణలో రాశారు. ఆ అధికారం రాష్ట్రాల చేతికి వచ్చింది. 2016లో 101వ సవరణతో అది మళ్లీ జారిపోయింది. రాష్ట్ర జాబితాలోని 54వ అంశం పెట్రోలియం ఉత్పత్తులు, మద్యం వంటి కొన్నిటికే పరిమితమైంది. ఊళ్లోకి వచ్చే సరుకుల మీద వేసే ఆక్ట్రాయ్‌కి ఆధారమైన 52వ అంశాన్ని తొలగించారు. వినోదం మీద స్థానిక సంస్థలు పన్ను వేసుకునే వీలు మిగిలింది గానీ, ఇడ్లీ మీద లేదు. అంటే తిండి మీద స్థానిక ‘పన్ను’ నేరుగా వేయడం కుదరదు. అందుకే అది ‘రుసుము’ వేషంలో రావాల్సి ఉంటుంది.

రుసుముకు ఒక షరతు ఉంది. పన్నుకు ప్రతిఫలం చూపించనక్కర్లేదు, రుసుముకు సేవ చూపించాలి. 1954లో శిరూరు మఠం కేసు నుంచి మన న్యాయస్థానాలు ఈ తేడాను చెబుతూ వచ్చాయి. మరి కొత్తపేటలో మిర్చి బండికి నగరపాలక సంస్థ ఇచ్చిన సేవ ఏది? నీళ్ల కొళాయి ఉందా? మరుగుదొడ్డి ఉందా? పొద్దుటి నుంచి రాత్రి దాకా రోడ్డు మీద నిలబడే ఆడమనిషి ఎక్కడికి వెళ్లాలో ఎవరైనా ఆలోచించారా? చాలాచోట్ల దీపం వైరు కూడా వెనక షాపు యజమాని ఇచ్చిందే. దానికి, నిలబడ్డ జాగాకు అతనికి రోజువారీ అద్దె ముట్టాలి.

2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఆ చట్టంలో ఒక వరుస ఉంది. 3వ సెక్షన్ ముందు సర్వే చేయమంటుంది, సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ వెళ్లగొట్టకూడదంటుంది. 4వ సెక్షన్ విక్రయ ధ్రువపత్రం ఇవ్వమంటుంది. 7వ సెక్షన్ ధ్రువపత్రాల జారీలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు, స్త్రీలకు, వికలాంగులకు, మైనారిటీలకు ప్రాధాన్యం ఇవ్వవచ్చంటుంది. ఆ తరువాతే, 8వ సెక్షన్‌లో, రుసుము మాట వస్తుంది. అదీ ధ్రువపత్రం పొందిన వ్యాపారి కట్టాల్సిన రుసుము. నిర్వహణ ఛార్జీల గురించి చెప్పే 17వ సెక్షన్ విక్రయ ప్రాంతంలో కల్పించిన పౌర సౌకర్యాలకే వాటిని ముడిపెట్టింది. ముందు గుర్తింపు, తరువాత సౌకర్యం, ఆఖరున వసూలు. మన దగ్గర వరుస తిరగబడింది. మొదట వసూలు, నడుమ తరిమివేత, గుర్తింపు ఎప్పుడో. 22వ సెక్షన్ ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్న ప్రతినిధులు కావాలి, వారిలో మూడోవంతు స్త్రీలు కావాలి, దళిత గిరిజన వెనుకబడిన కులాలకు తగిన చోటు ఉండాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో గానీ ఎల్బీనగర్‌లో గానీ రోడ్డు మీద ఒక్క రూపాయి రసీదు చింపేముందు, అలాంటి ప్రతినిధులు కూర్చుని చేసిన తీర్మానం చూపించమని అడిగే హక్కు వ్యాపారికి ఉంది.

గుర్తింపు ఎంత పల్చగా ఉందో 2024 జనవరిలో నగరమంతా చూసింది. మాదాపూర్‌లో సోషల్ మీడియా వల్ల పేరొచ్చిన ఒక భోజనాల బండిని ట్రాఫిక్ పేరుతో పోలీసులు తీయించారు. గోల కావడంతో ముఖ్యమంత్రి జోక్యం చేసుకుని, ఆమెను ఉన్నచోటే వ్యాపారం చేసుకోనివ్వమన్నారు. సంతోషమే. కానీ చట్టం చేయాల్సిన పనికి ముఖ్యమంత్రి కావలసి వచ్చింది. 2022 అక్టోబరులో మొదలైన ఆపరేషన్ రోప్ వంటి తొలగింపుల్లో బండి పోగొట్టుకుని, వీడియో లేక, పేరు లేక తిరిగి ఊరికి వెళ్లిపోయిన వాళ్లకు ఆ అదృష్టం ఎక్కడిది?

వృత్తి కులాల శ్రమ మీద వసూలు కొత్తది కాదు. ఆ చరిత్ర తెలియకపోతే ఈ పది రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల్లో కంపెనీ ప్రభుత్వం మోతుర్ఫా అనే పన్ను వసూలు చేసేది. మగ్గానికి ఇంత, గానుగకు ఇంత, కమ్మరి కొలిమికి ఇంత, చాకలికి, మంగలికి ఇంత, చిల్లర దుకాణానికి ఇంత. రాబడి మీద కాదు, పనిముట్టు మీద పన్ను. మగ్గం నడిచినా నడవకపోయినా కట్టాలి. గాజుల లక్ష్మీనరసు శెట్టి నాయకత్వంలోని మద్రాస్ నేటివ్ అసోసియేషన్ 1850లలో బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన వినతుల్లో ఈ పన్ను బాధ ఒకటి. తరువాత దాన్ని ఎత్తేశారు. తోపుడుబండి మీద రోజువారీ రుసుము సరిగ్గా మోతుర్ఫా తర్కమే. అమ్ముడైనా కాకున్నా, వాన పడి పిండి పులిసిపోయినా, బండి నిలబడితే చాలు, కట్టాలి.

ఇటు నిజాం ఏలుబడిలో అబ్కారీ ఖజానాకు పెద్ద ఆధారం. కల్లు గుత్తేదారు ప్రభుత్వానికి డబ్బు కట్టేవాడు, దాన్ని గౌడ కులస్థుడి నడుము మీంచి పిండుకునేవాడు. తాటి చెట్టుకు, ఈత చెట్టుకు లెక్కగట్టి వసూలు చేసిన చెట్టు పన్ను స్వాతంత్ర్యం తరువాతా కొనసాగింది. తెలంగాణ ఏర్పడ్డాక ఆ పన్నును రద్దు చేశారు. 2004లో హైదరాబాద్‌లో మూతపడ్డ కల్లు దుకాణాలను 2014లో తిరిగి తెరిపించారు. ఆ ప్రభుత్వం మీద ఎన్ని విమర్శలున్నా, ఒక పానీయం మీద పన్ను నిజానికి ఒక కులం మీద పన్ను అని అధికారికంగా ఒప్పుకున్న సందర్భం అది. ఒప్పుకోవలసి వచ్చింది, ఎందుకంటే గౌడులు సంఘటితంగా అడిగారు. జొన్నరొట్టెలు కాల్చే ఆడవాళ్లకు అంత బలమైన సంఘం ఇంకా లేదు.

అదే ప్రభుత్వం మరో చేత్తో ఏం చేసిందో కూడా చెప్పాలి. 2021లో మద్యం దుకాణాల కేటాయింపులో గౌడులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ప్రకటించారు. గొప్ప అడుగే. కానీ దరఖాస్తు రుసుము, అదీ తిరిగిరాని రుసుము, 2023లో 2 లక్షల రూపాయలు. 2,620 దుకాణాలకు 1.3 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2025లో ఆ రుసుమును 3 లక్షలు చేశారు. రిజర్వు అయిన దుకాణానికి దరఖాస్తు పెట్టే దళితుడూ ఆ మూడు లక్షలు ముందే కట్టాలి, లాటరీ తగలకపోతే వదులుకోవాలి. రిజర్వేషన్ కులాన్ని చూసింది, రుసుము చూడలేదు. అంత డబ్బు పోగొట్టుకోగలిగిన వాడు వెనక ఉండి, ముందు మరొకరి కుల ధ్రువపత్రం పెట్టడం ఎంత తేలికో ఊహించుకోవచ్చు. కులం చూడని రుసుము కులం చూసిన హక్కును ఎలా మింగేస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థ మీద 1925లో అచ్చయిన అంబేడ్కర్ గ్రంథాన్ని మన చర్చల్లో ఎవరూ పెద్దగా తలచుకోరు. సంస్కర్తగా, రాజ్యాంగ నిర్మాతగా తలచుకుంటాం. వలస ప్రభుత్వ పన్నుల బరువు పేదల మీద పడి, పైవర్గాలు తప్పించుకున్న వైనాన్ని ఆయన ఆ రోజుల్లోనే లెక్కలతో విప్పి చూపారు. పన్నుల పట్టికను కూడా సామాజిక పత్రంగా చదవాలన్న పాఠం మనకు అక్కడి నుంచే రావాలి.

బండివాళ్లు పన్ను కట్టడం లేదన్న మాట ఒకటి తరచూ వినిపిస్తుంది. అది అబద్ధం. వాణిజ్య గ్యాస్ సిలిండర్ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. వంటనూనె మీద 5 శాతం ఉంది. 2022 జూలై 18 నుంచి ప్యాకెట్ చేసి ముద్రవేసిన పిండి, బియ్యం వంటి వాటి మీదా 5 శాతం వేశారు. పెద్ద హోటల్‌కు బేరమాడే శక్తి ఉంది, టోకున బస్తాలు దించుకునే జాగా ఉంది. బండి మనిషి రోజుకు సరిపడా ప్యాకెట్లు కొంటుంది, ప్రతి ప్యాకెట్‌లోనూ పన్ను కడుతుంది, ఏదీ వెనక్కి రాదు. 2022 జనవరి 1 నుంచి ఇంకో మార్పు వచ్చింది. రిజిస్ట్రేషన్ అక్కర్లేనంత చిన్న టిఫిన్ సెంటర్ అయినా స్విగ్గీ, జొమాటోల ద్వారా అమ్మితే ఆ తిండి మీద 5 శాతం జీఎస్టీ పడుతుంది, ఆ యాప్‌లు వసూలు చేసి కడతాయి. చిన్నవాడికి చట్టం ఇచ్చిన మినహాయింపు యాప్ దగ్గరికి వచ్చేసరికి మాయమైంది. 2025 జూలైలో బెంగళూరులో యూపీఐ చెల్లింపుల లెక్క తీసి చిన్న బేకరీలకు, చాయ్ కొట్లకు, కూరగాయల వాళ్లకు లక్షల రూపాయల నోటీసులు పంపితే, వ్యాపారులు క్యూఆర్ బోర్డులు పీకేసి నగదే ఇమ్మన్నారు. చివరికి కర్ణాటక ప్రభుత్వం పాత బకాయిల కోసం ఒత్తిడి చేయబోమని చెప్పి వెనక్కి తగ్గింది.

అమెరికాలో స్థానిక ఆహార పన్నులు లేవా అని అడిగేవాళ్లుంటారు. మన పిల్లలు అక్కడి బిల్లుల ఫొటోలు పంపుతూనే ఉంటారు కదా. ఉన్నాయి. ఇండియానాపోలిస్ నగరమున్న కౌంటీలో హోటల్ తిండి మీద వేసిన స్థానిక పన్ను డబ్బు ఫుట్‌బాల్ స్టేడియాలకు వెళ్లింది. షికాగో ఉన్న కుక్ కౌంటీలో 2017 ఆగస్టులో తీపి పానీయాల మీద ఔన్సుకు ఒక సెంటు పన్ను మొదలుపెట్టి, జనం ఎదురుతిరగడంతో ఆ డిసెంబరుకే ఎత్తేశారు. అయితే ఆ పన్ను బిల్లు చివర ఒక గీతగా వస్తుంది, కొన్నవాడు కడతాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో బిల్లే లేదు. ప్లేటు ధర వీధి మొత్తానికి ఒకటే. ఒక బండి అయిదు రూపాయలు పెంచితే జనం పక్క బండికి వెళతారు. కాబట్టి రుసుము అమ్మేవాళ్ల మిగులులోంచే పోతుంది. అందరూ కలిసి పెంచగలిగితే కట్టేది ఎవరు? గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షలకు, డీఎస్సీకి చదువుకుంటూ హాస్టళ్లలో ఉండే పిల్లలు. 2013 ఫిబ్రవరి 21న ఇక్కడ బాంబులు పేలిన రెండు చోట్లలో ఒకటి బస్టాపు, రెండోది మిర్చి బజ్జీల కొట్టు. చనిపోయిన 18 మందిలో ఊళ్ల నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్లు ఉన్నారు. ఈ వీధి తిండి ఎవరి ఆకలి తీరుస్తుందో అంతకంటే విషాదంగా ఎవరూ చెప్పలేరు. అమ్మేవాళ్లూ తినేవాళ్లూ ఒకే ఊళ్ల నుంచి, చాలావరకు ఒకే వాడల నుంచి వచ్చారు.

ఎదుటి వాదనల్లో రెండు నిజంగా బలమైనవి. మొదటిది దుకాణదారులది. మేం అద్దె కడతాం, ట్రేడ్ లైసెన్సు కడతాం, జీఎస్టీ కడతాం, మా ముందే బండి పెట్టి మా గిరాకీ తీసుకుంటున్నారు అంటారు. అందులో చిన్న హోటల్ పెట్టుకుని నలిగిపోతున్న వెనుకబడిన కులాల వాళ్లూ ఉన్నారు, వాళ్ల బాధ నిజం. కానీ ట్రేడ్ లైసెన్సు ఒక చిరునామాను ఇస్తుంది. ఆ చిరునామాతో బ్యాంకు అప్పు వస్తుంది, కరెంటు మీటరు వస్తుంది, రాత్రి తాళం వేసుకుని ఇంటికి వెళ్లే నిశ్చింత వస్తుంది. బండి రుసుము వీటిలో ఒక్కటీ ఇవ్వదు. 2020లో మొదలైన పీఎం స్వనిధి కింద బండివాళ్లకు 10 వేల రూపాయల అప్పు ఇచ్చారు. అప్పు ఇచ్చేటప్పుడు వ్యాపారిగా గుర్తించిన ప్రభుత్వమే, మరునాడు బండి ఎత్తేటప్పుడు ఆక్రమణదారు అంటుంది.

రెండో వాదన మరింత ఆలోచించదగ్గది. ఇప్పుడు రసీదు లేని మామూళ్లు ఎలాగూ ముట్టజెబుతున్నారు, దాని బదులు రసీదుతో పన్ను కడితే అదే రేపు సాక్ష్యం అవుతుంది కదా అంటారు. వీధి వ్యాపారుల సంఘాల్లోనూ ఈ మాట అనేవాళ్లున్నారు. తైబజారు రసీదు ఒకప్పుడు కోర్టుల్లో పనికొచ్చిన మాట నిజమే. వీధిలో అమ్ముకోవడం 19వ అధికరణ కింద ప్రాథమిక హక్కు అని 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకున్నది కూడా ఢిల్లీ తైబజారు వివాదం నుంచే. కానీ 2014 తరువాత సాక్ష్యం ఇవ్వాల్సింది ధ్రువపత్రం. హక్కుగా రావాల్సిన కాగితాన్ని రోజువారీ డబ్బుకు అమ్మడం దేనికి? పైగా మన మున్సిపాలిటీల్లో, పంచాయతీల్లో తైబజారు వసూలును వేలంపాటలో గుత్తకు ఇచ్చే అలవాటు ఉంది. పాట పాడినవాడు పెట్టిన సొమ్ము రాబట్టుకోవాలి. రసీదు మీద ఒక అంకె ఉంటుంది, చేతికి మరో అంకె వెళుతుంది. మామూలు తగ్గదు, దాని పక్కన గుత్తేదారు వచ్చి నిలబడతాడు. అబ్కారీ గుత్తేదారుకూ ఇతనికీ పోలిక నేను కల్పించింది కాదు, పదం కూడా అదే.

పరిశుభ్రత కోసం అన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. ఆహార భద్రత చట్టం కింద చిన్న వ్యాపారి నమోదుకు నిర్ణయించిన రుసుము ఏడాదికి 100 రూపాయలే. శుభ్రత కావాలంటే నీళ్లు ఇవ్వాలి, చెత్తబుట్ట ఇవ్వాలి.

ఈ ప్రాంతం ఇటీవల మోసిన ఇంకో దెబ్బను లెక్కలోకి తీసుకోకుండా రుసుము గురించి మాట్లాడటం అన్యాయం. 1986 నుంచి కొత్తపేటలో ఉన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021లో ఖాళీ చేయించి బాటసింగారం తరలించారు. ఆ స్థలంలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. ఆసుపత్రి వద్దని ఎవరూ అనరు. కానీ తెల్లవారుజామున నాలుగు గంటలకు నడిచి వెళ్లి రెండు బుట్టల బత్తాయిలు, మామిడిపండ్లు ఎత్తుకొచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్ముకున్న వాళ్లకు ఇప్పుడు విజయవాడ రోడ్డు మీద ఊరవతలి దాకా ఆటో కిరాయి అదనం. కమీషన్ ఏజెంట్లు కోర్టుకు వెళ్లారు, సౌకర్యాల గురించి వాదించారు, వాళ్ల మాట వినిపించింది. హమాలీల గురించి, బుట్టల వాళ్ల గురించి ఎవరు అడిగారు? ఆ కిరాయి కూడా ఒక స్థానిక పన్నే, ఏ కౌన్సిలూ తీర్మానించకుండా పడిన పన్ను.

వసూలు లేకుండా అమ్ముకోనివ్వడం మన ప్రభుత్వాలకు తెలియని పని కాదు. 1999లో రైతుబజార్లు మొదలుపెట్టినప్పుడు రైతు దగ్గర మార్కెట్ రుసుము తీసుకోకూడదని నిర్ణయించారు. సరూర్‌నగర్ రైతుబజారులో పాతికేళ్లుగా ఆ పద్ధతే నడుస్తోంది. పొలం ఉన్న రైతుకు ఇచ్చిన గౌరవం, ఆ పొలంలో కూలిచేసి, పని దొరక్క ఇక్కడికి వచ్చి అదే జొన్నలతో రొట్టె కాల్చే మనిషికి ఎందుకు ఇవ్వకూడదు?

స్థానిక సంస్థకు డబ్బు అక్కర్లేదని నేను అనడం లేదు. 74వ సవరణ పేరుకు అధికారాలిచ్చి, చేతికి నిధులు ఇవ్వలేదు. జీఎస్టీ వచ్చాక ఆ చేతులు ఇంకా ఖాళీ అయ్యాయి. తిండి మీద వసూలయ్యే జీఎస్టీలో నగరానికి నేరుగా వాటా అడగండి, మేమూ గొంతు కలుపుతాం. ప్రభుత్వ శాఖలే బకాయిపడ్డ ఆస్తిపన్ను వసూలు చేయండి. మెట్రో వచ్చాక రెట్టింపైన కమర్షియల్ భవనాల విలువను చూడండి. అక్కడ యజమానుల జాబితా తీస్తే కులం మరో దిక్కున కనబడుతుంది.

ఒక పని మాత్రం వెంటనే చేయవచ్చు. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి కులగణనలో వృత్తి గురించి కూడా అడిగారు. 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన లెక్కల్లో ముస్లింలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 శాతం అని చెప్పారు. ఏ కులంవాళ్లు ఎంతమంది వీధి వ్యాపారంలో ఉన్నారో, వాళ్లలో స్త్రీలు ఎందరో, ఎందరికి విక్రయ ధ్రువపత్రం ఉందో, ఎల్బీనగర్ జోన్ వరకైనా ఆ పట్టికను బయటపెట్టాలి. ప్రజల డబ్బుతో సేకరించిన లెక్క అది. ఆ పట్టికను టౌన్ వెండింగ్ కమిటీ ముందు, వార్డు సభల ముందు పెట్టి, జొన్నరొట్టెల వాళ్లు, చేపల గంపల వాళ్లు, చాయ్ బండ్ల వాళ్లు మాట్లాడాక, అప్పుడు రుసుము ప్రస్తావన తెమ్మనండి. అప్పటిదాకా ఎల్బీనగర్ రోడ్డు మీద ఎవరైనా రసీదు పుస్తకం పట్టుకుని వస్తే, ధ్రువపత్రం ఇచ్చి తరువాత అడగమని చెప్పడం 8వ సెక్షన్ చదివిన ఎవరైనా చేయగలిగిన పనే.